రబ్బరు పొట్టు

చిన్న పేపరే. నిర్ణయించుకునే వచ్చాను కాబట్టి ఇక ఆలోచించేది ఏమీ లేదు. మేడం చెప్పేదంతా చెప్పాక, అదిగో, కిటికీ పక్కనున్న ఆ బల్ల దగ్గరికి వెళ్లి, మా అమ్మాయికి లెక్కల పరీక్షలో చిన్న పేపరు రాయించండి మేడం అని ఒక్క మాట అనేసి బయటపడటమే. కుర్చీ పిల్లలది, మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. ఆఖరి వరసలో, తలుపు పక్కనే కూర్చున్నాను. కొట్టు నుంచి నేరుగా వచ్చాను, ఎంత సబ్బు రుద్దినా చేతులకి ఆ మరకల మందు వాసన పోదు, పోయినసారి మీటింగులో పక్కావిడ చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని చివరిదాకా అలాగే కూర్చుంది, పాపం, ఊపిరాడక ఏమైపోతుందోనని నాకే భయం వేసింది. బట్టల మీద మరకలు తీయడం నా పని. డ్రైక్లీనింగు కొట్టు వెనక గదిలో, నా ఎత్తుకి సరిపోని ఒక బల్ల, దాని మీద ఆవిరి గొట్టం, సీసాలు, మెత్తటి బ్రష్షులు. అక్కడ నా చేతులకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. ఇక్కడ ఒళ్లో ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాయి. ఒక కుర్చీ ఖాళీ వదిలి, ఆ అవతలి కుర్చీలో పిట్ట కూర్చుంది. పిట్ట అంటే మా అమ్మాయి, ఒక్కతే కూతురు, బడిలో దానికిదే ఆఖరి ఏడు. పొద్దున్నుంచి నాతో మాట్లాడటం లేదు. మధ్యలో ఖాళీ కుర్చీ మీద తన సంచి పెట్టింది, గోడ కట్టినట్టు.

పొద్దున వాళ్ల నాన్నా నేనూ గుసగుసగానే మాట్లాడుకున్నాం. ఆయన బస్సు నడుపుతారు, గొంతు తగ్గించడం ఆయన వల్ల అయ్యే పని కాదు, ఇంజను చప్పుడు మీద మాట్లాడీ మాట్లాడీ ఆయన గుసగుస కూడా వీధి చివరిదాకా వినిపిస్తుంది. "చిన్నదే చెప్పెయ్. ఎందుకొచ్చిన గొడవ. పిల్ల గట్టెక్కితే చాలు" అన్నారు. పిట్ట గది తలుపు చప్పుడయింది. అంతే, అప్పటినుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. అలిగితే ఎలా దారికి తేవాలో నాకు తెలుసు, కానీ ఇది అలక కాదు. అలిగితే దాని ముక్కు ఎర్రబడుతుంది. ఇప్పుడు ముఖంలో ఏమీ లేదు, ఉతికి ఆరేసిన గుడ్డలా ఉంది. మొన్న బళ్లో నమూనా పరీక్ష పెట్టారు, పెద్ద పేపరుతోనే. అందులో వచ్చిన మార్కులు చూసి మేడం ఇంటికి కబురు పంపింది, చిన్న పేపరుకి మారిస్తే మంచిదేమో ఆలోచించుకోండి, మీటింగు రోజే ఆఖరు, ఆ తర్వాత పేర్లు పైకి పంపేస్తాం, మార్చడం నా చేతుల్లో ఉండదు అని. ఆలోచించుకోవాలట. ఏం తెలుసని ఆలోచిస్తాం. నేను చదువుకునేటప్పుడు లెక్కల పరీక్ష అంటే ఒక్కటే, అందరికీ ఒకటే కాగితం, రాసేవాళ్లు రాసేవాళ్లు, ఏడ్చేవాళ్లు ఏడ్చేవాళ్లు. ఇప్పుడు దానికీ సైజులు వచ్చాయి, చొక్కాలకి వచ్చినట్టు.

మేడం మొదలుపెట్టింది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది లెక్కల మేడం, మోచేతి వెనక బట్ట మీద ఒక నీలం గీత, బాల్ పెన్నుది, ఇవాళ్టిదే, ఇప్పుడే అడుగున పాత గుడ్డ పెట్టి స్పిరిటుతో అద్దితే ఇట్టే పోతుంది, రేపటికి మొండికేస్తుంది. ఆవిడకి తెలియనే తెలియదు. చూడకూడదు, చెప్పేది వినాలి. తెర మీద తొమ్మిది మెట్ల బొమ్మ వెలిగింది. "ఇవి గ్రేడులు. కింద ఒకటి, పైన తొమ్మిది. నాలుగో మెట్టు ఎక్కితే పాసయినట్టు. చిన్న పేపరు రాసేవాళ్లు ఒకటి నుంచి ఐదు దాకా ఎక్కగలరు. ఎంత బాగా రాసినా, ఒక్క మార్కు పోకుండా రాసినా, ఐదే. అక్కడ కప్పు ఉంది." అరచెయ్యి తల మీద అడ్డంగా పెట్టి చూపించింది. "పెద్ద పేపరుకి కప్పు లేదు, తొమ్మిది దాకా వెళ్లొచ్చు. కానీ దానికి కింది మెట్లు లేవు. నాలుగు కొద్దిలో తప్పితే మూడు ఇస్తారు. అంతకంటే కింద పడితే ఏమీ ఇవ్వరు. గ్రేడే ఉండదు. వచ్చే ఏడు మళ్లీ రాయాలి." ఏమీ ఇవ్వరు అనగానే హాల్లో కుర్చీలన్నీ కిర్రుమన్నాయి. ఒకదానికేమో కప్పు తగులుతుంది, ఇంకొకదానికేమో కింద నేలే లేదు. ఇదెక్కడి ఇల్లు కట్టడం. పిల్లని ఎందులో పెట్టమంటారు, తల ఆనే గదిలోనా, కాళ్ల కింద ఏమీ లేని గదిలోనా. తల ఆనితే వంగి నడవొచ్చు. నేను నడవడం లేదా ఏం, కొట్లో ఆ బల్ల ఎత్తు పెంచమని ఎన్నిసార్లు చెప్పినా మా యజమాని వింటాడా, ఇప్పుడు నడుం దానికే అలవాటు పడిపోయింది. వంగి నడిచినా నడిచినట్టే. చిన్న పేపరే. ముందు వరసలో మందుల షాపాయన, వాళ్లవాడు క్లాసులో ఫస్టు, చెయ్యెత్తాడు. "తొమ్మిది రావాలంటే మొత్తం మీద ఎన్ని మార్కులు పోవచ్చండీ?" ఆయన గొడవ ఆయనది. కొందరికి తొమ్మిది కోసం నిద్ర పట్టదు, కొందరికి నాలుగు కోసం.

పిట్టకి ఆరు కావాలి. వంతెనలు కట్టే చదువు ఒకటుంది, దానికి లెక్కల్లో ఆరో మెట్టు లేనివాళ్లని గేటు దగ్గరే ఆపేస్తారు. ఆ సంగతి పిట్టే కనుక్కుని వచ్చి చెప్పింది, నేను కాలరు రుద్దుతూ ఊఁ అన్నాను. ఈ వంతెన పిచ్చి దానికి వాళ్ల నాన్న బస్సులో పట్టుకుంది. సెలవొస్తే చాలు, డ్రైవరు వెనక సీట్లో ఎక్కి కూర్చునేది, ఎక్కడికీ వెళ్లడానికి కాదు, ఆయన వెళ్లినన్నిసార్లు వెళ్లి వచ్చినన్నిసార్లు రావడానికి. నది మీద పొడుగాటి వంతెన వస్తుంది ఆయన రూటులో. నాన్నా, నెమ్మదిగా పోనీ, అనేదట. టక, టక, టక అని చక్రాల కింద ఇనప పట్టీలు చప్పుడు చేస్తాయి. అక్కడక్కడ సందులెందుకు వదిలారు అని అడిగింది. ఎండకి వంతెన సాగుతుందే, చోటుండాలిగా అన్నారు ఈయన, తనకి తెలిసిందల్లా చెప్పేశానని మురిసిపోతూ. ఎంత సాగుతుందో వాళ్లకి ముందే ఎలా తెలుసు అంది. ఆయన ఆ రాత్రి అన్నం దగ్గర నన్నడిగారు, నాకు మాత్రం ఏం తెలుసు. ఎంత సాగుతుందో ముందే తెలుసుకునేవాళ్లు ఎక్కడో ఉన్నారని, తను వాళ్లలో చేరాలని ఆ రోజే అనుకుందేమో. ఆరు అంటే ఐదుకి పైన. అంటే కప్పుకి అవతల. అంటే చిన్న పేపరు అని నేను అనగానే వంతెన లేదు. ఇది నాకు తెలుసు, వాళ్ల నాన్నకి తెలుసు, తెలిసే గుసగుసలాడుకున్నాం. మరి పెద్దది రాసి కింద పడితే? అప్పుడు అదీ లేదు ఇదీ లేదు, స్నేహితులందరూ ముందుకి వెళ్లిపోతే ఇది ఒక్కతే అదే లెక్కల పుస్తకం ముందేసుకుని ఇంకో ఏడాది కూర్చోవాలి, ఆ ఏడాదంతా దాని ముఖం నేను చూడాలి. నాకు భయం. ఇంకో పేరు పెట్టి తిప్పి చెప్పడం ఎందుకు, భయమే.

మేడం ఇంకా చెబుతూనే ఉంది, పేపరు ఏదైనా పరీక్ష మూడు పూటలు ఉంటుందట, మొదటి పూట కాలిక్యులేటరు ముట్టుకోనివ్వరట, తర్వాత రెండు పూటలు తీసుకెళ్లొచ్చట. ముందు తేలికవి, పోనుపోను కష్టమైనవి. చిన్న పేపరులో ఆఖర్న వచ్చే ప్రశ్నలే పెద్ద పేపరులో మొదట వస్తాయట, అవే ప్రశ్నలు, అక్షరం తేడా ఉండదట. అంటే ఒకరు రొప్పుతూ ఎక్కి ఆగిన చోట ఇంకొకరు నడక మొదలుపెడతారన్నమాట. "ప్రతి ప్రశ్న చివర బ్రాకెట్లో ఒక అంకె ఉంటుంది. ఎన్ని మార్కులో చెప్పే అంకె అది. ఎంత పని చూపించాలో కూడా అదే చెబుతుంది. ఐదు అని వేసి ఉన్న చోట మీవాళ్లు ఒక్క ముక్క రాసి ఊరుకుంటే, ఏదో మర్చిపోయారని అర్థం. ఇంట్లో కూర్చున్నప్పుడు మీరు లెక్క చూడక్కర్లేదు, మీకు రాకపోయినా ఫరవాలేదు. ఆ అంకె చూడండి, పిల్లలు రాసిన వరసలు చూడండి." పక్కన ఎవరో గబగబా రాసుకుంటున్నారు. నేను ఏమీ తెచ్చుకోలేదు. పిట్ట గోడకేసి చూస్తోంది. గోడ మీద గుండ్రటి గడియారం. ఇంకెంతసేపు. అవగానే లేచి ముందు నేనే వెళ్లిపోవాలి, వరసలో నిలబడితే మనసు మారుతుంది. మారకూడదు. నిదానంగా కూర్చుని తీసుకున్న నిర్ణయం ఇది. నిదానంగానా? ఆయన చెప్పులు వేసుకుంటూ, నేను పొయ్యి కట్టేస్తూ.

తెర మీద ఇప్పుడు రెండు కాగితాలు, పక్కపక్కన. ఒకే ప్రశ్నకి ఇద్దరు పిల్లల జవాబులు. ఎడమ పక్కది చూడగానే నాకు ఒళ్లు జలదరించింది, అంత అసహ్యంగా ఉంది, కొట్టివేతలు, బాణం గుర్తులు, అంచు మీద ఏవో కూడికలు, కింద ఒక జవాబు. కుడి పక్కది చక్కగా, తెల్లగా ఉంది, కింద అందమైన చేతిరాతతో ఒకే ఒక్క అంకె. "రెండు జవాబులూ తప్పే. ఎవరికి ఎన్ని మార్కులు వేయమంటారు?" మందుల షాపాయన ముందుకి వంగాడు. "తప్పయినప్పుడు ఇద్దరికీ సున్నాయేగా, ఇంకేముంది!" మేడం తల అడ్డంగా ఊపింది. "ఎడమవైపు పాపకి ఐదుకి నాలుగు. కుడివైపు పాపకి సున్నా. దిద్దేవాళ్లు జవాబు ఒక్కటే చూడరండీ. ఎక్కడ మొదలుపెట్టారు, ఎటు వెళ్లారు, ఎక్కడ కాలు జారారు, అంతా చూస్తారు. జవాబుకి ఉండేది చివరి ఒక్క మార్కు. మిగతావన్నీ దారికే. పైన ఒక తప్పు చేసి, ఆ తప్పుతోనే కిందంతా సరిగ్గా చేసుకొచ్చినా ఆ కింది మార్కులు ఇస్తారు. అడ్డంగా గీత కొట్టేశారనుకోండి, దాని బదులు ఇంకోటి రాయకపోతే ఆ కొట్టేసినదే చదువుతారు. కానీ తుడిచేస్తే మేమేం చెయ్యగలం? లేనిదాన్ని ఎలా దిద్దుతాం?"

పొట్టు. రబ్బరు పొట్టు. సాయంత్రం పిట్ట వంటింటి బల్ల మీద లెక్కలు చేసుకుని లేచాక గుడ్డ పట్టుకుని ఆ బల్ల తుడిచేది నేను. రోజూ గుప్పెడు పొట్టు. బూడిద రంగులో, సన్నగా, పాకే పురుగుల్లా, అరచేతిలోకి తోసుకుని చెత్తబుట్టలో దులుపుతాను. ఇంత పొట్టు ఎలా వస్తుందే, కాగితం తింటున్నావా రబ్బరు తింటున్నావా అని నవ్వాను కూడా. ఆ పొట్టంతా ఏమిటి? ఆ పొట్టు లెక్కలు. అది చేసిన లెక్కలు, గంటల తరబడి తల వంచుకుని చేసినవి, వరసలు వరసలుగా వేసినవి, నా గుడ్డ కిందికి వచ్చేసరికి పొట్టు. రోజూ ఎన్ని మార్కులు ఎత్తి చెత్తబుట్టలో పోశాను నేను. అది తుడిచే తీరు కూడా నాకు తెలుసు, కళ్లకి కట్టినట్టు కనిపిస్తోంది, నడి మధ్యలో రుద్దదు. అంచు నుంచి లోపలికి వస్తుంది, కొద్దికొద్దిగా, చుట్టూ తిరుగుతూ, మధ్యకి తెచ్చి మాయం చేస్తుంది. మరకని అలాగే తీయాలి, నడిమి నుంచి రుద్దితే పాకుతుంది. నేను నేర్పలేదు. నా పక్కన స్టూలెక్కి కూర్చుని చూసింది. ఎప్పుడో దాని తెల్ల గౌను మీద సిరా ఒలికితే, ఏడుపు లంకించుకునేలోపే తీసేశాను, అమ్మ మాయం చేసేసింది, అమ్మ మాయం చేసేసింది అని కొట్టంతా గంతులు వేసింది. ఆ తర్వాత దాని పుస్తకాల్లో కొట్టివేత అన్నది నేను చూడలేదు. శుభ్రతకి బహుమతి కూడా తెచ్చుకుంది, ఒక స్టీలు గ్లాసు, నేను ఏనుగెక్కినంత సంబరపడ్డాను.

గుండెలు బాదుకుంటాననుకుంటున్నారేమో, బాదుకోను. నేనేం తప్పు చేశాను. శుభ్రంగా ఉండటం తప్పా. ఆ శుభ్రమే మాకు అన్నం పెడుతోంది. నా పనికి ఉన్న నియమం ఒక్కటే, అక్కడ మరక ఉండేదన్న సంగతి కూడా తెలియకూడదు. కస్టమరు కోటు అందుకుని ఇటూ అటూ తిప్పి చూసుకుని వెళ్లిపోతాడు, దాని మీద నేను ఎంతసేపు ఊపిరి బిగబట్టానో, మొదట వేసిన మందు పనిచేయక రంగు వదిలేస్తుందేమోనని ఎంత హడలిపోయానో, మూడోసారి ఏది పనిచేసిందో వాడికెందుకు. నా పాట్లు కనిపించాయంటే నా పని చెడిపోయినట్టు. అలాంటిది, ఇక్కడ, దారికి మార్కులు ఇస్తారట. పడిన పాట్లు చూడటానికి ఒకళ్లని కూర్చోబెట్టి జీతమిచ్చి మరీ చూపిస్తారట. ఎక్కడ కాలు జారావమ్మా, అక్కడిదాకా బాగానే వచ్చావు కదా అని మార్కు వేస్తారట. నాకెందుకో ఏడుపు వస్తోంది, కోపం కూడా వస్తోంది, అసూయ అనాలా దీన్ని, పదహారేళ్ల పిల్ల మీద అసూయా. నా జీవితంలో ఆ వెనక గదిలోకి వచ్చి, ఇది ఎలా తీశావు అని అడిగినవాళ్లు ఒక్కరున్నారా. ఉన్నారు. పిట్ట.

సంచి తీసి కింద పెట్టి మధ్య కుర్చీలోకి జరిగాను.

"ఏమే, పరీక్షలో కూడా తుడిచేస్తావా?"

గోడకేసే చూస్తోంది. చెవి మాత్రం నావైపు తిరిగినట్టనిపించింది. "తప్పయితే తుడవనా మరి?"

"తప్పని నీకెలా తెలుసు?"

"తెలీదు. డౌటొస్తే తుడిచేస్తా. మళ్లీ శుభ్రంగా రాద్దామని. ఈలోపు టైమయిపోతుంది." దాని ముక్కు ఎర్రబడుతోంది. హమ్మయ్య, ఎర్రబడుతోంది.

ఇక కుర్చీలు వెనక్కి జరిగే చప్పుడు, జనం లేస్తున్నారు, వరస కట్టేశారు, నేను ముందు వెళ్లాలనుకున్నదాన్ని అందరికంటే వెనకపడ్డాను. మంచిదే. కాదు, మంచిది కాదు. నోట్లో చిన్న అన్న మాట అలాగే ఉంది, పొద్దున్నుంచి చప్పరిస్తున్నాను, మింగలేను కక్కలేను. పొట్టు చూసి పెద్ద పేపరు రాయించుకొచ్చాను అంటే ఆయన ఏమంటారు. పొట్టు చూసా? అని అరుస్తారు, వీధంతా వింటుంది. నిజమే కదా, పొట్టులో ఏముందో నాకేం తెలుసు, అన్నీ తప్పులే ఉన్నాయేమో, తప్పులు కాబట్టే తుడిచిందేమో. తల్లిని, నాకు అనిపించాలనుకున్నది అనిపిస్తుంది. మందుల షాపాయన బల్ల దగ్గర ఎంతకీ కదలడు, ఏదో శాతం లెక్క అడుగుతున్నాడు, ముందుకి తోసెయ్యాలనుంది. ఒక్కొక్కళ్లూ వంగి, చిన్నదండీ, పెద్దదండీ అని చెప్పి వెళ్లిపోతున్నారు, ఎంత సులువుగా చెబుతున్నారో, కూరలు కొంటున్నట్టు. పిట్ట నా వెనకే నిలబడింది, ఊపిరి మెడకి తగులుతోంది.

"కూర్చోండమ్మా" అంది మేడం. ముందున్న కాగితంలో పేర్ల వరస, పిట్ట పేరు ఎదురుగా చిన్న అని పెన్నుతో ముందే రాసి ఉంది. నా పని కూడా ఆవిడే చేసి పెట్టింది, తల ఊపితే చాలు. తల ఊపలేదు. నోరు తెరిచాను, వచ్చిన మాట వేరే. "మేడం, ఇది చేసినవన్నీ తుడిచేస్తుందండీ. మొన్న పరీక్షలో కూడా." మేడం నన్ను చూసింది, పిట్టని చూసింది. "తుడిచేస్తుందని తెలుసు, చాలాసార్లు చెప్పాను. కానీ తుడిచిందాంట్లో ఏముందో నాకు తెలియదు కదమ్మా" అంది. అదే, నాకూ అదే తెలియదు. తర్వాత మేడం ఒక తెల్ల కాగితం తీసి, దాని మీద గబగబా ఒక ప్రశ్న రాసి, చివర బ్రాకెట్లో ఐదు అని వేసి, పిట్ట వైపు తోసింది. "పెద్ద పేపరులో నడిమి రకం. చెయ్యి."

ఒక తోట, వెడల్పు కంటే పొడుగు మూడు మీటర్లు ఎక్కువ, మొత్తం వైశాల్యం నలభై, చుట్టూ కంచె వేయాలంటే ఎంత పొడుగు కంచె కావాలి. నాకు అర్థమయింది అంతే. పిట్ట కూర్చుంది, సంచిలోంచి పెన్సిలూ రబ్బరూ తీసింది, తెల్ల రబ్బరు, అరిగి గోళీలా గుండ్రమైపోయింది. తోట బొమ్మ వేసింది. ఒక వరస రాసింది, ఇంకో వరస, ఏవో బ్రాకెట్లు. వెడల్పు ఎనిమిది అంది. ఎనిమిదైతే పొడుగు పదకొండు, పక్కన గుణించి చూసుకుంది, నలభై రాలేదు, ఎనభై దాటిపోయింది. పెన్సిలు ఆగింది. చెవులు ఎర్రగా అయిపోయాయి. మేడం చెయ్యి చుబుకం కింద పెట్టుకుని చూస్తోంది అంతే. పిట్ట ఎడమ చెయ్యి బల్ల మీద పాకుతూ వెళ్లింది, చూడకుండానే వెళ్లింది, రబ్బరు కోసం. దానికంటే ముందు నా చెయ్యి వెళ్లింది. పట్టుకుని గుప్పిట మూసేశాను. పిట్ట వేళ్లు ఖాళీ బల్లని తడుముకున్నాయి. తలెత్తి నా ముఖంలోకి చూసింది, పొద్దున్నుంచి ఇదే మొదటిసారి. "ఇవ్వమ్మా" అంది. ఇవ్వలేదు. "గీత కొట్టు" అన్నాను. "అమ్మా, ప్లీజ్." "గీత కొట్టవే." పిట్ట తన తెల్లటి కాగితం మీద, బతుకులో మొదటిసారి అనుకుంటాను, ఆ వరస మీద అడ్డంగా ఒక గీత కొట్టింది. చెయ్యి వంకరపోయి గీత కూడా వంకరగానే వచ్చింది. ఆ వంకర గీత చూస్తుంటే నా పళ్లు కరుచుకుపోయాయి, నాకే తుడిచేయాలనిపించింది, గుప్పిట ఇంకా బిగించాను.

దాని కింద మళ్లీ మొదలుపెట్టింది. పైన కొట్టేసినదాన్ని చూస్తూ రాస్తోంది, అది కనిపిస్తోంది కాబట్టి ఎక్కడ తేడా వచ్చిందో వేలు పెట్టి వెతుక్కుంటోంది. ఒక చోట ఆగి, ఓహ్, అని తనలో తను అనుకుంది. కూడిక గుర్తూ తీసివేత గుర్తూ అటూ ఇటూ మార్చింది. వెడల్పు ఐదు, పొడుగు ఎనిమిది. ఐదెనిమిదులు నలభై. సరిపోయింది, నాక్కూడా తెలుస్తోంది సరిపోయిందని, ఊపిరి వదిలాను. ఐదూ ఎనిమిదీ కూడి పదమూడు అని రాసి, కింద రెండు గీతలు గీసి, పెన్సిలు పెట్టేసింది. పదమూడా? కంచె తోట చుట్టూతా కదా, రెండు పక్కలే వేస్తే మేకలు రావూ? నాలుక కరుచుకున్నాను. చెప్పకూడదు. నెత్తురు వచ్చేలా కరుచుకున్నాను.

మేడం ఎర్ర పెన్ను తీసింది. "జవాబు తప్పు" అంది. పిట్ట తల వాలిపోయింది. చిన్న, అన్న మాట మళ్లీ నాలుక చివరికి వచ్చింది. మేడం పెన్ను మాత్రం ఆగలేదు, పై నుంచి కిందికి వస్తోంది, బొమ్మ దగ్గర ఒక టిక్కు, మొదటి వరస దగ్గర ఒకటి, బ్రాకెట్ల దగ్గర ఒకటి, ఐదూ ఎనిమిదీ దగ్గర ఇంకొకటి. "కంచె నాలుగు వైపులా వేయాలి తల్లీ. ఒక్క మార్కు పోయింది. ఐదుకి నాలుగు." పెన్ను మూత పెట్టింది. "మొన్న పేపరులో ఇలాంటిదే ఉంది. అక్కడ నువ్వు పదమూడు అని కూడా రాయలేదు, తెల్లకాగితం ఇచ్చావు." తర్వాత నా వైపు తిరిగింది. "ఒక్క లెక్క చూసి హామీ ఇవ్వలేనమ్మా. అలవాటు ఒక్క రోజులో పోదు. పరీక్షలో పడిపోవచ్చు కూడా. అది మాత్రం మీరే చెప్పాలి."

పడిపోవచ్చు కూడా. కాళ్ల కింద నేల లేని గది. వాళ్ల నాన్న ముఖం, వచ్చే ఏడు, అదే పుస్తకం. భయం ఎక్కడికీ పోలేదు, పొద్దున ఎంత ఉందో అంతే ఉంది. పిట్ట ఏమీ అడగడం లేదు, అడిగితే బాగుండేది. ఎర్ర టిక్కులున్న ఆ కాగితం వైపు చూస్తోంది, కొట్టేసిన వరస మీద వేలు పెట్టి, అది నిజంగా ఉందా అన్నట్టు తడిమి చూసుకుంటోంది. ఇది ఎలా తీశావమ్మా అని అడిగే పిల్ల.

"పెద్దది" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్లీ అన్నాను. "పెద్ద పేపరు రాయించండి మేడం. వాళ్ల నాన్నకి నేను చెప్పుకుంటాను."

మేడం తల ఊపి, పేర్ల కాగితం ముందుకి లాక్కుంది. చిన్న అని ముందే రాసి ఉన్నదాని మీద అడ్డంగా ఒక గీత కొట్టి, పైన ఇరుకులో పెద్ద అని రాసింది. సిరా ఇంకా ఆరలేదు, ఆవిడ మణికట్టు తగిలి గీత కొస పక్క గడిలోకి పాకింది, నీలంగా, తడిగా. ఇప్పుడే అద్దెయ్యాలి, అంచు నుంచి లోపలికి, ఆరితే పోదు. ఎప్పుడు తీశానో నాకే తెలియదు, నా చేతిరుమాలు చేతిలో ఉంది, చెయ్యి ఆ కాగితం మీదికి వెళ్లిపోతోంది. పిట్ట నా మణికట్టు పట్టుకుంది.

"ఉండనీ అమ్మా" అంది.